అక్వేరియంలో నాచును తినే రొయ్యలు, చేపలు: ఎంపిక నుంచి పెంపకం దాకా

ట్యాంకులో నాచు పట్టిందనగానే అందరూ అడిగేది ఒక్కటే: ఏ చేప వేస్తే తినేస్తుంది? జవాబు చెప్పాలంటే ముందు ఆ నాచు ఏ రకమో తెలియాలి. గాజుకు అంటిన గోధుమరంగు పొడినీ, ఆకుల అంచున నల్లగా వేలాడే కుచ్చుల్నీ ఒకే జీవి తినదు. కొన్ని రకాలనైతే ఏ జీవీ ముట్టదు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పుకోవాలి. రొయ్యలూ చేపలూ నాచును తింటాయి గానీ, నాచు పెరగడానికి కారణమైన అతి వెలుతురునూ, మలమూ మిగిలిన మేతా కుళ్లి నీళ్లలో పేరుకున్న నైట్రేట్‌నూ తగ్గించలేవు. తిన్న నాచులో చాలా భాగం మలంగా మారి మళ్లీ ఆ నీళ్లలోనే కలుస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో జీవుల ఎంపిక నాలుగో మెట్టు దగ్గర గానీ రాదు. ముందు మూడు మెట్లూ దాటేసి నేరుగా కొన్నవాళ్లే, నెల తిరక్కుండా "రొయ్యలు చచ్చిపోతున్నాయి, నాచు మాత్రం అలాగే ఉంది" అంటూ మళ్లీ వస్తుంటారు.

## 1. ముందు నాచు రకాన్ని గుర్తుపట్టండి

రంగు చూడండి, వేలితో రుద్దండి, వాసన చూడండి. ఈ మూడింటితో దాదాపు అన్ని రకాలూ తేలిపోతాయి.

గోధుమరంగు పొడి. గాజు మీదా, ఆకుల మీదా, ఇసుక మీదా పలుచటి పొరలా ఉంటుంది. వేలు తగిలితే చాలు, ఊడి వస్తుంది. ఇవి డయాటమ్స్. కొత్తగా పెట్టిన ట్యాంకుల్లో మొదటి రెండు మూడు నెలల్లో ఎక్కువగా కనిపిస్తాయి. చాలాసార్లు వాటంతట అవే పోతాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. ఒటోసింక్లస్ చేపలు, నెరైట్ నత్తలు వీటిని ఇష్టంగా తింటాయి.

మెత్తటి ఆకుపచ్చ పొర. గాజంతా పచ్చగా మసకబారుతుంది, తుడిస్తే పోతుంది. ఒటోసింక్లస్, బ్రిసల్‌నోస్ ప్లెకో, నెరైట్ నత్త, ఈ మూడూ దీన్ని తింటాయి.

గట్టి ఆకుపచ్చ చుక్కలు. గోరుతో గీకితే గానీ రావు. వెలుతురు ఎక్కువై, నీళ్లలో ఫాస్ఫేట్ తక్కువైన మొక్కల ట్యాంకుల్లో బాగా వస్తాయి. రొయ్యల నోటికి ఇవి లొంగవు. నెరైట్ నత్త కొంతవరకు గీకుతుంది, మిగతాది బ్లేడ్ పని.

దారాల నాచు. మొక్కల మీద జుట్టులా, పోగులుగా పెరుగుతుంది. అమానో రొయ్యకు ఇదే అసలు మేత. సయామీస్ ఆల్గే ఈటర్, ఫ్లోరిడా ఫ్లాగ్‌ఫిష్, రోజీ బార్బ్, మోలీ కూడా తింటాయి.

నల్ల గడ్డం నాచు. బ్లాక్ బియర్డ్ ఆల్గే, పొట్టిగా బీబీఏ అనేది ఇదే. నల్లగా లేదా బూడిదరంగులో పొట్టి కుచ్చులుగా ఆకుల అంచులకూ, చెక్కకూ, ఫిల్టర్ గొట్టానికీ పట్టుకుంటుంది. లాగినా రాదు. నిజానికి ఇది ఎర్ర నాచుల కుటుంబానికి చెందింది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ట్యాంకుల్లో ఆ వాయువు మోతాదు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే ఇది విజృంభిస్తుంది. బతికున్న దీన్ని తినే చేపగా బాగా పేరున్నది సయామీస్ ఆల్గే ఈటర్.

నీలి ఆకుపచ్చ జిగురు. ఇసుక మీద దుప్పటిలా పరుచుకుంటుంది, ఎత్తితే పొరలు పొరలుగా వస్తుంది, మురుగు వాసన వేస్తుంది. ఇది నాచు కాదు, సయనోబాక్టీరియా అనే బాక్టీరియా. దీనికోసం ఏ జీవినీ కొనకండి. ఏదీ తినదు.

పచ్చ నీళ్లు. ట్యాంకులో నీరంతా పచ్చగా మారి అవతలి గోడ కనబడదు. నీళ్లలో తేలే ఏకకణ నాచు ఇది. రొయ్యల నోటికీ చేపల నోటికీ అందేది కాదు. అతినీలలోహిత కాంతితో నాచును చంపే యూవీ స్టెరిలైజర్‌తో గానీ, ట్యాంకును మూడు నాలుగు రోజులు పూర్తిగా చీకట్లో ఉంచి గానీ వదిలించుకోవాలి.

మీది చివరి రెండింటిలో ఏదైనా అయితే కొనుగోలు ఆలోచన ఇక్కడే ఆపేయండి. ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టండి.

## 2. జీవుల్ని తెచ్చే ముందు రెండు వారాలు చేయాల్సిన పని

పొడవాటి నాచుతో నిండిపోయిన ట్యాంకును అయిదు రొయ్యలు బాగుచేయలేవు. అవి తినే వేగం కన్నా అది పెరిగే వేగం ఎక్కువ. శుభ్రం చేసిన ట్యాంకును మళ్లీ పాడవకుండా చూడటం వాటి పని, మొదట శుభ్రం చేయడం మీ పని.

వెలుతురుతో మొదలుపెట్టండి. రోజుకు 6 నుంచి 7 గంటలు చాలు. చేత్తో స్విచ్ వేసేవాళ్లు ఎంత గట్టిగా అనుకున్నా ఒకరోజు 5 గంటలు, ఇంకోరోజు 11 గంటలు చేస్తారు. టైమర్ పెట్టండి. కిటికీలోంచి ఎండ నేరుగా ట్యాంకు మీద పడుతుంటే కర్టెన్ వేయండి, వీలైతే ట్యాంకునే జరపండి.

తర్వాత మేత. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. అడుగుకు చేరిన ప్రతి గింజా కుళ్లి నాచుకు ఎరువవుతుంది. పెద్ద చేపలను వారానికి ఒకరోజు పస్తు ఉంచినా వాటికేమీ కాదు.

ఇక చేత్తో తీసే పని. ఇలా వరుసగా చేయండి:

1. లైటు, ఫిల్టర్, హీటర్ ఆపేయండి.
2. గాజును స్క్రేపర్‌తో గీకండి. అక్రిలిక్ ట్యాంకయితే బ్లేడ్ వాడొద్దు, గీతలు పడతాయి.
3. దారాల నాచును కొత్త టూత్‌బ్రష్‌కు చుట్టి మెలితిప్పుతూ లాగండి.
4. నల్ల గడ్డం నాచు బాగా పట్టిన పాత ఆకుల్ని కత్తిరించి పారేయండి. ఆ ఆకులు ఎలాగూ కోలుకోవు.
5. రాళ్లూ, చెక్కా బయటికి తీయగలిగితే తీసి, వాటికి నాచు ఉన్నచోట 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్‌తో పూసి, కొన్ని నిమిషాలు ఆగి, బాగా కడిగి తిరిగి పెట్టండి.
6. ఊడి తేలుతున్న ముక్కల్ని సైఫన్‌తో లాగేస్తూ 30 నుంచి 40 శాతం నీళ్లు మార్చండి.
7. ఫిల్టర్ స్పాంజిని తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లలో కడిగితే మంచి బాక్టీరియా చస్తుంది.

అయిదో మెట్టులో ఒక చిన్న లాభం ఉంది. పెరాక్సైడ్ తగిలిన నల్ల గడ్డం నాచు కొన్ని రోజుల్లో గులాబీ రంగుకో, తెలుపుకో తిరుగుతుంది. బతికున్నప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోని అమానో రొయ్యలు చచ్చిన దాన్ని మాత్రం పీక్కుతింటాయి. చెక్క మళ్లీ నున్నగా కనిపిస్తుంది.

రెండో వారం చివర మరోసారి గీకి, మరోసారి నీళ్లు మార్చండి. ఈ రెండు వారాల్లోనే హార్న్‌వోర్ట్ లాంటి త్వరగా పెరిగే మొక్కలో, నీటిమీద తేలే మొక్కలో కాసిని వేస్తే మంచిది. నాచుకు అందాల్సిన పోషకాల్ని అవి ముందే లాగేసుకుంటాయి.

నాచును చంపే మందు సీసాలు మాత్రం ఈ దశలో వద్దు. చాలా మందుల్లో రాగి ఉంటుంది. రాగి రొయ్యలకు విషం. పైగా నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ట్యాంకును చీకట్లో ఉంచే పద్ధతిలోనూ ఇదే ప్రమాదం ఉంది. అందుకే ఆ మూడు నాలుగు రోజులూ ఎయిర్ పంప్ నడవాలి, అయ్యాక వెంటనే నీళ్లు మార్చాలి.

## 3. ట్యాంకు సిద్ధంగా ఉందా?

ఈ జాబితాలో ఒక్కటి తప్పినా ఇంకో వారం ఆగండి.

- అమ్మోనియా 0, నైట్రైట్ 0 (మలం కుళ్లినప్పుడు పుట్టే విషాలు ఇవి). టెస్ట్ కిట్‌తో చూసిందే లెక్క, నీళ్లు తేటగా ఉన్నాయని అనుకోవద్దు.
- నైట్రేట్ 20 పీపీఎం (లీటరు నీళ్లకు 20 మిల్లీగ్రాములు) లోపు.
- ట్యాంకు పెట్టి కనీసం రెండు మూడు నెలలైంది. రొయ్యలకూ ఒటోసింక్లస్‌కూ ఇది తప్పనిసరి.
- నీటి వేడి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉంది.
- పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంది, రోజురోజుకూ ఊగడం లేదు.
- జీహెచ్, అంటే నీటి గట్టిదనం, కనీసం 6. మరీ మెత్తటి నీళ్లలో రొయ్యలు కుబుసం సరిగ్గా విడవలేవు.
- ఫిల్టర్ నీళ్లు లాగే గొట్టానికి స్పాంజి తొడిగారు.
- ట్యాంకుకు మూత ఉంది, వైర్లూ గొట్టాలూ దూర్చిన సందులు కూడా మూసి ఉన్నాయి.
- దాక్కోవడానికి జావా మాస్ లాంటి దట్టమైన మొక్క, చెక్క, రాళ్ల సందులు ఉన్నాయి.
- గత కొన్ని నెలల్లో రాగి ఉన్న మందేదీ వాడలేదు. వాడి ఉంటే చాలాసార్లు నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, రాగి టెస్ట్ చేశారు.

వీటికి తోడు కొత్త మొక్కల సంగతి ఒకటుంది. అమ్మేచోట మొక్కలకు పురుగుమందు కొట్టి ఉండొచ్చు. చేపలకు ఏమీ కాని మోతాదే రొయ్యలన్నిటినీ ఒక్క రాత్రిలో చంపేస్తుంది. కొత్త మొక్కల్ని విడిగా బకెట్లో, నీళ్లు మారుస్తూ కనీసం వారం పది రోజులు ఉంచాకే రొయ్యల ట్యాంకులో పెట్టండి.

ఎరువుల విషయంలో మాత్రం అనవసర భయం కనిపిస్తుంది. మొక్కల ఎరువుల్లో ఉండే కొంచెం రాగి, సీసా మీద రాసిన మోతాదు దాటకపోతే రొయ్యలకు హాని చేయదు.

## 4. ఏ నాచుకు ఏ జీవి

అమానో రొయ్య. నాచు తినడంలో దీన్ని మించిన రొయ్య లేదు. 4 నుంచి 5 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఒళ్లు గాజులా ఉండి పక్కల చుక్కలు కనిపిస్తాయి. ఆడవాటికి ఆ చుక్కలు సాగి గీతల్లా ఉంటాయి. దారాల నాచు మీద పొద్దస్తమానం పనిచేస్తుంది. దీని పిల్లలు పెరగడానికి ఉప్పునీరు కావాలి కాబట్టి మంచినీటి ట్యాంకులో సంతతి పెరగదు. కొన్నన్నే ఉంటాయి, ట్యాంకు నిండిపోతుందన్న బెంగ లేదు. ఒక్క చెడ్డ గుణం ఏమిటంటే మేత దొరికితే నాచును వదిలేస్తుంది. చేపల గుళికను కాళ్లతో పట్టుకుని ఓ మూలకు ఎత్తుకుపోతుంది.

చెర్రీ రొయ్య. 2 నుంచి 3 సెంటీమీటర్లు. దీని నోరు చిన్నది, పని కూడా చిన్నదే. మెత్తటి పొరనూ, ఆకుల మీద పట్టే జిగురునూ గీక్కుతింటుంది. దట్టమైన దారాల నాచును చెర్రీ రొయ్యలు ఊడ్చేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే మంచినీళ్లలోనే పిల్లలు పెడుతుంది, కాబట్టి కొన్ని నెలల్లో పదులు వందలవుతాయి. ఆ సంఖ్యే దీని బలం. ఎరుపు, పసుపు, నీలం రంగుల్ని కలిపి పెంచితే కొన్ని తరాలకు పిల్లలు గోధుమరంగుకు తిరిగిపోతాయి. రంగు మీద మోజున్నవాళ్లు ఒక్క రంగుకే కట్టుబడాలి.

ఒటోసింక్లస్. 4 సెంటీమీటర్ల బుల్లి క్యాట్‌ఫిష్. గోధుమ పొడికీ మెత్తటి ఆకుపచ్చ పొరకూ దీనికి సాటి లేదు. రొయ్య పిల్లల జోలికి కూడా పోని అరుదైన చేప. గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతుంది, కనీసం ఆరు ఉండాలి. అమ్మకానికి వచ్చేవాటిలో చాలా భాగం నదుల్లో పట్టినవే. దారిపొడవునా పస్తులుండి వస్తాయి కాబట్టి కొత్త ట్యాంకులో వేస్తే బతకడం కష్టం. ఏంజెల్‌ఫిష్ లాంటి సిక్లిడ్‌లున్న చోట పెట్టకండి. మింగబోయిన చేప గొంతులో దీని ముళ్లు ఇరుక్కుని రెండూ చస్తాయి.

సయామీస్ ఆల్గే ఈటర్. నల్ల గడ్డం నాచుకు మందు ఇదే. కాకపోతే పిల్లగా ఉన్నప్పుడు చేసినంత పని పెద్దయ్యాక చేయదు, గుళికల రుచి మరిగి బద్ధకిస్తుంది. 15 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, చురుగ్గా ఈదుతుంది, ఎగిరి బయట పడుతుంది కూడా. 120 లీటర్ల లోపు ట్యాంకులో దీని జోలికి వెళ్లొద్దు.

బ్రిసల్‌నోస్ ప్లెకో. 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గాజు, రాళ్లు, చెక్క, వెడల్పాటి ఆకుల మీది మెత్తటి నాచును గీకుతుంది. చెక్కను కూడా కొరుకుతుంటుంది కాబట్టి ట్యాంకులో ఒక దుంగ ఉంటే మంచిది. ఇది వేసే మలం తక్కువేమీ కాదు, 80 లీటర్ల లోపు పెట్టొద్దు.

మోలీ, రోజీ బార్బ్, ఫ్లాగ్‌ఫిష్ దారాల నాచును తింటాయి గానీ ఒక్కోదానికీ ఒక్కో పేచీ ఉంది. మోలీకి గట్టి నీళ్లు కావాలి, రోజీ బార్బ్ లేత మొక్కల్ని కొరుకుతుంది, ఫ్లాగ్‌ఫిష్ తోటి చేపల్ని తరుముతుంది. గుడ్లు పెట్టినా మంచినీళ్లలో పొదగని నెరైట్ నత్త, చుక్కల నాచుకు మంచి తోడు. గాజు మీదా చెక్క మీదా తెల్లటి నువ్వుగింజల్లా దాని గుడ్లు అంటుకుపోతాయి, అది భరించగలిగితే చాలు.

కొనకూడనివి రెండు. ఒకటి మామూలు సకర్ ఫిష్, అంటే కామన్ ప్లెకో. వేలెడంత పిల్లగా అమ్ముతారు, అడుగు దాటి పెరుగుతుంది. రెండోది చైనీస్ ఆల్గే ఈటర్. ఎదిగేకొద్దీ నాచు మానేసి, నెమ్మదిగా తిరిగే చేపల ఒంటికి అతుక్కుని వాటి జిగురు పొరను పీలుస్తుంది.

## 5. ఇవి ఉన్నచోట రొయ్యలు వద్దు

నోట్లో పట్టే రొయ్యను వదిలే చేప దాదాపు లేదనే అనుకోవాలి. ఏంజెల్‌ఫిష్, ఆస్కార్, ఇతర సిక్లిడ్‌లు, గోల్డ్‌ఫిష్, పెద్ద గౌరామి, బోటియా లోచ్‌లు ఉంటే రొయ్యల ఆలోచన మానేయండి. ఫైటర్ ఫిష్ సంగతి దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఒకటి పట్టించుకోదు, ఇంకోటి ఒక్కొక్కటిగా వేటాడుతుంది.

చిన్న రాస్‌బోరాలు, చిన్న టెట్రాలు, కోరిడోరాస్, ఒటోసింక్లస్‌తో పెద్ద రొయ్యలు ఇబ్బంది లేకుండా ఉంటాయి. ఒటోసింక్లస్ తప్ప మిగతావాటి నోటికి పిల్లలు మాత్రం కొన్ని పోతాయి. దట్టంగా జావా మాస్ ఉంటే సంతతి నిలబడేంతగా మిగులుతాయి.

## 6. కొనేచోట ఏం చూడాలి

సయామీస్ ఆల్గే ఈటర్ పేరుతో వేరే చేప అంటగట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే మోసం. అమ్మేవాళ్లకే తేడా తెలియకపోవచ్చు కూడా. ఇలా చూడండి:

- నల్ల గీత ముక్కు నుంచి మొదలై తోక రెక్క చివరి దాకా సాగితే అది అసలుది. తోక మొదట్లోనే ఆగిపోతే కాదు.
- రెక్కలు రంగు లేకుండా ఉండాలి. గీతకు పైన మెరిసే బంగారు చార, రెక్కల మీద నలుపూ తెలుపూ అంచులూ ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. చిన్నప్పుడు నెమ్మదిగానే ఉంటుంది, పెద్దయ్యాక తగువులమారి.
- నోరు గాజుకు పీల్చి పట్టుకుని కదలకుండా వేలాడుతుంటే చైనీస్ ఆల్గే ఈటర్ అనుకోండి.

ఒటోసింక్లస్ కొనేటప్పుడు కింది నుంచి పొట్ట చూడాలి. గుండ్రంగా ఉంటే తింటున్నట్టు. లోపలికి పోయి గుంటలా ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఆ రోజే వచ్చిన సరుకును కొనకండి. వారం ఆగి, అప్పటికీ బతికి, తింటున్నవాటిని తెచ్చుకోండి.

రొయ్యల్లో చురుకైనవాటినే ఏరుకోండి. ఆరోగ్యంగా ఉన్న రొయ్య కాళ్లు క్షణం ఆగవు, ఏదో ఒకటి ఏరుకుని తింటూనే ఉంటుంది. ఒళ్లు పాలలా తెల్లబడినవి, పక్కకు పడి ఉన్నవి, తల మీద తెల్లటి దూదిపోగుల్లా ఏదైనా అంటుకున్నవి వదిలేయండి. తొట్టిలో రెండు మూడు చచ్చి ఉంటే అందులోంచి ఏదీ తీసుకోవద్దు.

ఎన్ని కొనాలన్నదానికి ఒక మోటు లెక్క: అమానో రొయ్యలు 10 లీటర్లకు ఒకటి, దారాల నాచు బెడద ఎక్కువగా ఉన్నచోట 5 లీటర్లకు ఒకటి. చెర్రీ రొయ్యలు 60 లీటర్లకు 10 నుంచి 15తో మొదలుపెట్టండి, మిగతావి అవే పుట్టుకొస్తాయి. 60 లీటర్ల లోపు ట్యాంకులో ఒటోసింక్లస్ గుంపుకు సరిపడా నాచు పుట్టదు. అన్నిటినీ ఒకేరోజు తెచ్చి కుమ్మరించకండి. ఒక రకం తెచ్చి, రెండు వారాలు చూసి, అప్పుడు రెండోది.

కొత్త చేపల్ని రెండు నుంచి నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచడం మంచిది. ముఖ్యంగా రొయ్యలున్న ట్యాంకులోకి వెళ్లే చేపలకు ఇది అవసరం. జబ్బు అక్కడ బయటపడితే ధైర్యంగా మందు వేయొచ్చు, అసలు ట్యాంకులోకి రాగి వెళ్లదు.

## 7. నీళ్లకు అలవాటు చేయడం

చేపల కన్నా రొయ్యలు నీటి మార్పును తక్కువ తట్టుకుంటాయి. సంచీ తేల్చి, పావుగంట ఆగి, వదిలేసే పద్ధతి వీటికి పనికిరాదు. బొట్టు బొట్టుగా కలపాలి.

1. ట్యాంకు లైటు ఆపేయండి.
2. సంచీని మూతి విప్పకుండా 15 నుంచి 20 నిమిషాలు ట్యాంకులో తేల్చండి. వేడి సమానమవుతుంది.
3. సంచీలోని నీళ్లతో సహా జీవుల్ని శుభ్రమైన గిన్నెలోకో చిన్న బకెట్లోకో వంపండి. సబ్బు తగిలిన పాత్ర వద్దు.
4. ఎయిర్ పంప్ గొట్టాన్ని ట్యాంకులో పెట్టి, సైఫన్ మొదలయ్యాక, గొట్టానికి వదులుగా ముడి వేసో వాల్వ్ తిప్పో సెకనుకు రెండు మూడు బొట్లు పడేలా చూడండి.
5. నీళ్లు రెట్టింపయ్యాక సగం పారబోసి, మళ్లీ రెట్టింపు కానివ్వండి. రొయ్యలకు గంటన్నర నుంచి రెండు గంటలు, చేపలకు ముప్పావు గంట పడుతుంది.
6. వలతో మెల్లగా ఎత్తి ట్యాంకులో వదలండి. సంచీ నీళ్లను ట్యాంకులో పోయొద్దు.
7. ఆ పూటకు లైటు వేయొద్దు, రొయ్యలకు మేత కూడా వేయొద్దు.

ఒక మినహాయింపు ఉంది. ఒకటి రెండు రోజులు సంచీలోనే ప్రయాణం చేసి వచ్చిన చేపల నీళ్లలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. అలాంటప్పుడు గంటల తరబడి బొట్లు వేస్తూ కూర్చోకూడదు. గిన్నెలో అమ్మోనియాను విరిచే వాటర్ కండిషనర్ ఒక చుక్క వేసి, అరగంటలో పని ముగించండి.

## 8. మొదటి నాలుగు వారాలు

మొదటి వారం రొయ్యలు కనబడకపోతే కంగారు పడకండి. కొత్త చోట దాక్కుంటాయి, వాటిలో కొన్ని కుబుసం విడుస్తాయి. ఖాళీ పెంకు చూసి చచ్చిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. పెంకు పారదర్శకంగా, బోలుగా ఉంటుంది. చచ్చిన రొయ్య గులాబీ రంగుకు తిరిగి, లోపల కండ కనిపిస్తుంది. పెంకును తీయొద్దు, అందులోని కాల్షియం కోసం రొయ్యలే తింటాయి. చచ్చినదాన్ని మాత్రం వెంటనే తీసేయాలి.

రాత్రి లైటు ఆపిన గంటకు టార్చి వేసి చూడండి. ఎన్ని బతికున్నాయో, ఎక్కడ తింటున్నాయో అప్పుడు తెలుస్తుంది.

మేత విషయంలో ఈ నెలంతా పొదుపుగా ఉండాలి. నాచు కనబడుతున్నంత కాలం అమానో రొయ్యలకు విడిగా ఏమీ వేయక్కర్లేదు. ట్యాంకులోని మిగతా చేపలకు నీటిపై తేలే మేతను కొద్దికొద్దిగా వేసి, అడుగుకు చేరకుండా చూడండి. రొయ్యలు నాచు మీద పనిచేయడం లేదంటే పదింట తొమ్మిదిసార్లు కారణం ఎవరో వాటి కడుపు నింపుతూ ఉండటమే. ఒటోసింక్లస్ విషయంలో దీనికి ఉల్టా చేయాలి. వాటి పొట్టలు లోపలికి పోతున్నాయేమో రెండు రోజులకోసారి చూసి, అనుమానం వస్తే కూరగాయ ముక్క మొదలుపెట్టాలి.

వారం వారం చేయాల్సినవి:

- 20 నుంచి 25 శాతం నీళ్లు మార్చడం. కొత్త నీళ్లకు క్లోరిన్‌ను విరిచే కండిషనర్ కలపాలి. క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడే నీళ్లయితే రాత్రంతా నిలవ ఉంచినా లాభం లేదు.
- కొత్త నీళ్ల వేడి ట్యాంకు నీళ్లతో సమానంగా ఉండేలా చూడటం.
- ముందువైపు గాజును ఒక్కసారి తుడవడం. జీవులున్నాయని ఈ పని మానకూడదు.
- నైట్రేట్ కొలవడం.
- ఫిల్టర్ గొట్టం స్పాంజిని పిండటం.
- ఒకే కోణం నుంచి ఒక ఫోటో తీసుకోవడం. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

## 9. తరచూ వచ్చే చిక్కులు

వదిలిన మర్నాడే రొయ్యలు చచ్చాయి. నీళ్ల తేడా తట్టుకోలేకపోయి ఉండొచ్చు, లేదా రాగో పురుగుమందో ఉండొచ్చు. కొత్త రొయ్యలే చచ్చి పాతవి బాగుంటే అలవాటు చేయడంలోనే లోపం. అన్నీ ఒకేసారి మెలితిరిగి పోతే విషాన్ని అనుమానించండి. గదిలో దోమల మందు కొట్టారేమో కూడా ఆలోచించండి, ఎయిర్ పంప్ ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది.

రెండు మూడు వారాలకు ఒక్కొక్కటిగా పోతున్నాయి. మెడ దగ్గర చుట్టూ తెల్లటి పట్టీ కనిపిస్తే కుబుసం సరిగ్గా విడవలేక చచ్చినట్టు. జీహెచ్ కొలవండి, తక్కువుంటే రొయ్యల కోసం అమ్మే ఖనిజ లవణాలతో కొద్దికొద్దిగా పెంచండి. ఒకేసారి సగం నీళ్లు మార్చే అలవాటుంటే మానండి. అంత పెద్ద మార్పు అకాలంలో కుబుసం విడిపిస్తుంది.

చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చింది, ట్యాంకులో రొయ్యలున్నాయి. చేపల్ని వేరే తొట్టికి మార్చి అక్కడ మందు వేయండి. చేపలు లేని అసలు ట్యాంకులో ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి ఆశ్రయం దొరక్క చస్తుంది. నీళ్లు చల్లగా ఉంటే దానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి తొందరపడి చేపల్ని తిరిగి వేయొద్దు.

నల్ల గడ్డం నాచు తగ్గడం లేదు. సయామీస్ చేపకు మేత ఎక్కువవుతోందేమో చూడండి. కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంటే లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందే మొదలై, రోజూ ఒకే సమయానికి ఆగుతోందా? ఇది కుదరకుండా ఎన్ని చేపలు వేసినా మళ్లీ వస్తుంది.

అమానో రొయ్యలు తగ్గిపోతున్నాయి, కళేబరాలు కూడా లేవు. ట్యాంకు వెనకాల నేల మీద వెతకండి. గొట్టం పట్టుకుని ఎక్కేస్తాయి. నీళ్లలో అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ పెరిగినప్పుడు ఇలా పారిపోయే ప్రయత్నాలు ఎక్కువవుతాయి, కాబట్టి సందు మూసి ఊరుకోకుండా టెస్ట్ కూడా చేయండి.

చేప ట్యాంకుకు మించి పెరిగింది. తిరిగి తీసుకునే దుకాణాన్నో, పెద్ద ట్యాంకున్న మనిషినో వెతకండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలొద్దు. సకర్ ఫిష్‌లు అలా చేరే చాలా చోట్ల జలాశయాల్లో నిండిపోయి, స్థానిక చేపల మేతనూ తావునూ లాక్కున్నాయి.

నాచు పూర్తిగా పోయింది, ఇప్పుడు ఇవి ఏం తింటాయి? ఇక మీరు పెట్టాల్సిందే. గుమ్మడి జాతి జుకినీ, కీరా, పాలకూర ఏదైనా పనికొస్తుంది. పురుగుమందు పోయేలా బాగా కడిగి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, చల్లార్చి, మునగడానికి ఒక స్టీలు చెంచాకు గుచ్చి వేయండి. వారానికి రెండుసార్లు కూరగాయ, ఒకటి రెండుసార్లు ఆల్గే వేఫర్ (నాచు తినే చేపల కోసం అమ్మే బిళ్ల మేత) చాలు. ఒటోసింక్లస్ మొదట్లో ముక్కను పట్టించుకోకపోవచ్చు, నాలుగైదు రోజులు అదే చోట పెడుతూ ఉంటే ఒకటి మొదలుపెడుతుంది, దాన్ని చూసి మిగతావి వస్తాయి. రాత్రి లైటు ఆపాక వేసి, మిగిలిన ముక్కను తెల్లారగానే తీసేయండి.